రంగం అంటే

మా బారువలో రంగం అంటే
వేషం కట్టే చోటు కాదు, ఊరు.
అవతలి ఒడ్డున, నాలుగైదు రాత్రుల దూరంలో
బియ్యం మిల్లుల పొగ కింద ఉండేది.

మా ముత్తాత దండాసి
మేస్త్రీ ఇచ్చిన పదిహేను రూపాయల అప్పుతో పోయాడక్కడికి.
ఓడ ఎక్కేటప్పుడు అతన్ని అడిగింది ఒకటే:
డెక్కు మీదా, కిందా?
పేరు కూడా సరిగ్గా రాసుకోలేదు.
సంద్రానికి రెండు వైపులా ఒకే దొర అప్పుడు,
అందుకని ఎవరూ దాన్ని దేశం అనలేదు.
పని అన్నారు. నాలుగేళ్ళన్నారు.
తిరిగొచ్చినవాడి కాళ్ళకి చెప్పులుండేవి.
రానివాడి పెళ్ళానికి బొట్టు తియ్యాలో వద్దో
ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఆ తర్వాత ఎక్కడో, మాతో చెప్పకుండా,
ఇది వేరు అది వేరు అని రాసుకున్నారు.
కలం ఎంతసేపు ఆడిందో గానీ
ఓడ ఆ ఏడు కూడా అదే రేటుకి,
అదే కూత కూసి వెళ్ళింది.

నానమ్మ కూర్మమ్మ అక్కడే పుట్టింది.
ఏ దేశంలో పుట్టావు నానమ్మా అంటే
"మిల్లు కొట్టులో. వొడ్లబస్తాల మీద."

ఆమె ఏడో ఏట బాంబులు పడ్డాయి.
నడిచారు.
కొండల్లో తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి.
నల్లదారిలో నీళ్ళు లేవు.
తమ్ముడు గురువులుని ఎక్కడ దించారో ఆమె చెప్పదు.
"బరువుగుండీవోడు" అంటుంది, అంతే.

యుద్ధమయ్యాక మళ్ళీ పోయారు. ఆకలికి ఆ దారే తెలుసు.
ఈసారి కాగితం అడిగారు. టీకా చీటీ అడిగారు.
ఏడాదికోసారి ఠాణాకెళ్ళి
నేను పరాయిదాన్నే అని వేలిముద్ర వేసి
డబ్బు కట్టి రావాలి,
పుట్టిన ఊళ్ళో.

కొట్టు తలుపుల మీద మిలటరీ లక్క పడ్డాక
ఆఖరి ఓడల్లో ఒకదాన్లో పంపేశారు.
కస్టమ్స్ బల్ల దగ్గర కమ్మలు తియ్యమన్నారు.
ఒకటి వచ్చింది, రెండోది రాలేదు, సబ్బు రాశారు.
"సబ్బు మాత్రం మంచి వోసన" అంటుంది.

అక్కడ కొరంగీలన్నారు. ఇక్కడ దిగితే బర్మావోళ్ళన్నారు.
ఆమెను ఆమె పేరుతో పిలిచిన ఊరేదైనా ఉంటే
అది నీళ్ళలోనే ఎక్కడో ఉండాలి.

నేను పోయింది పడమటి సంద్రం. వేరావల్.
ఒక తెల్లారగట్ల ఇంజను ఆగింది, పోటు లాగింది,
తెర మీద మా చుక్క గీత దాటిందట.
చేపలు అటూ ఇటూ ఒక్కలాగే ఉన్నాయి.
కరాచీలో పదమూడు నెలలు.
రొట్టె తినడం నేర్చుకున్నాం,
ఎప్పుడు అని అడగడం మానుకున్నాం.
వాఘాలో నడిపించి వదిలారు.
రోడ్డు మీద తెల్లరంగు పట్టీ, జానెడు వెడల్పు.
తొక్కకూడదేమో అని కాలెత్తి దాటాను.

ఇంటికొచ్చి చెబితే నానమ్మ నవ్వింది.
"నీకు గీతైనా కనబడింది కదరా.
మాకు అదీ నేదు."

నిన్న రేషన్ డిపోలో మిషను మీద
ఆమె బొటనవేలు పెట్టించాను.
తుడిచి మళ్ళీ. తడిపి మళ్ళీ.
గీతలు అరిగిపోయాయి మామ్మా అన్నాడు కుర్రాడు.
"ఎన్నిచోట్ల యేసీసినాను బాబూ,
ఇంకేటి మిగుల్తాయి."

నా వేలు పెట్టాను, కరాచీలో
ఎన్నిసార్లు సిరా అంటిందో లెక్కలేని వేలు.
ఒక్కసారికే పచ్చలైటు వెలిగింది.

బియ్యం తూచి పోశాడు.
నానమ్మ సంచిలోంచి పిడికెడు తీసి
చాలాసేపు వాసన చూసింది.
మళ్ళీ సంచిలో వేసేసింది.